ఆన్‌లైన్‌లో పుస్తక చర్చ నడపాలంటే

తెలిసినవాళ్లందరినీ గ్రూపులో చేర్చేయకండి. 8 నుంచి 12 మంది చాలు. ఏ నెలైనా ఇద్దరు ముగ్గురికి ఏదో పని తగులుతుంది, అయినా కనీసం ఐదారుగురు మిగులుతారు, గంటలో అందరికీ నోరు విప్పే వీలుంటుంది. ఇరవై మంది వస్తే మాట్లాడేది ఎప్పుడూ ఆ నలుగురే.

మొదటి పుస్తకం 200 పేజీలు దాటకుండా చూసుకోండి, అందరికీ సులువుగా దొరికేదై ఉండాలి. మూడు పేర్లు తీసుకుని వాట్సాప్‌లో పోల్ పెడితే తేలిపోతుంది. ఎవరో ఒకరు పీడీఎఫ్ పెట్టమంటారు, కాపీరైట్ ఉన్న పుస్తకమైతే దయచేసి వద్దనండి, అది రాసినవాళ్ల కష్టం. కొనలేనివాళ్లు ఉంటే లైబ్రరీలో ఉన్న పుస్తకమో, కాపీరైట్ గడువు తీరి ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ లాంటి వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికేదో ఎంచుకోవచ్చు. ఇంకోటి, చర్చలో పేజీ నంబర్లు చెప్పొద్దు, ఈ-బుక్‌లో అక్షరాల సైజు మారిస్తే పేజీలూ మారిపోతాయి. అధ్యాయం చెప్పండి.

టైమ్ ఒకసారి పెట్టుకున్నాక మార్చకండి. 'నెలలో రెండో ఆదివారం' అనుకుంటే అదే. జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలకు, గూగుల్ మీట్‌లో ముగ్గురు అంతకన్నా ఎక్కువమంది ఉంటే 60 నిమిషాలకు కాల్ తెగిపోతుంది. మాటలు ఊపందుకునేది సరిగ్గా అప్పుడే కాబట్టి ఆ లెక్క ముందే చూసుకోండి.

ఇక అసలు పని ప్రశ్నలు తయారుచేయడం. 'పుస్తకం ఎలా ఉంది?' అని మొదలుపెడితే బాగుంది, పర్లేదు, కొంచెం సాగింది అని తలా ఒక మాట అనేసి ఊరుకుంటారు. ప్రశ్న ఎప్పుడూ కథలో ఒక చోట ఆని ఉండాలి. ఉదాహరణకి, ఏడో అధ్యాయంలో కొడుకు ఇల్లు అమ్మేస్తానంటాడు, తల్లి ఏమీ అనకుండా లోపలికి వెళ్లి గిన్నెలు సర్దుకుంటుంది అనుకుందాం. 'ఆవిడ ఒప్పుకున్నట్టా, కొడుకు మీద ఆశ వదిలేసుకున్నట్టా?' అని అడిగి చూడండి. ఒకరు ఒప్పుకుందంటారు, ఇంకొకరు కాదంటారు, ఇద్దరూ పుస్తకం తెరుస్తారు. చర్చ అంటే అదే కదా! ఇలాంటివి ఐదారు రాసి మూడు రోజుల ముందే గ్రూపులో పెట్టండి, కానీ ముగింపు బయటపెట్టే ప్రశ్న మాత్రం కాల్‌లోనే అడగండి.

అడిగాక ఎవరూ మాట్లాడకపోతే కంగారుపడి మీరే జవాబు చెప్పేయకండి. ఆన్‌లైన్‌లో మ్యూట్ తీసి, ఎదుటివాళ్లు మొదలుపెడతారేమోనని చూసి మాట్లాడేసరికి కొన్ని సెకన్లు పడుతుంది, ఆ కాసేపు ఆగడమే నడిపేవాళ్లకి కావాల్సిన ఓర్పు. ఒకరే సాగదీస్తుంటే, 'మీరన్న ఈ మాట మీద మిగతావాళ్లేమంటారో విందాం' అని మెత్తగా అందుకోండి. మాట్లాడనివాళ్లని హఠాత్తుగా పేరు పెట్టి అడిగితే బిగుసుకుపోతారు. నచ్చిన నాలుగు వాక్యాలు చదివి వినిపించమని ముందురోజే మెసేజ్ పెట్టండి, చదివాక ఎందుకు నచ్చాయో వాళ్లే చెప్పుకొస్తారు.

సగమే చదివినవాళ్లనీ రానివ్వండి, ముగింపు తెలిసిపోతుందని ముందే చెబితే చాలు. పుస్తకం అస్సలు నచ్చనివాళ్లు తప్పకుండా రావాలి, ఎక్కడ విసుగొచ్చిందో వాళ్లు చెబుతుంటే నచ్చినవాళ్లు కూడా ఆ అధ్యాయం మళ్లీ తిరగేస్తారు. కాల్ పెట్టేసేముందు వచ్చే నెల పుస్తకం, ప్రశ్నలు రాసేవాళ్లు ఎవరో తేల్చుకోండి. ప్రతిసారీ మీరే రాయకండి, తలా ఒక నెల పంచుకోండి.