సముద్రం ఏడికి పోయింది? అండమాన్ బడ్జెట్ ట్రిప్‌లో సమస్యలు, పరిష్కారాలు

హనుమకొండలో మా ఆఫీసులో గానీ మా చుట్టాల్లో గానీ ఎవరికి అండమాన్ మీద మనసు పడినా చివరికి నా దగ్గరికే వస్తారు. రావడం మంచిదే. టికెట్లు కొన్న తర్వాత వస్తారు, అదే నా బాధ. నేను వెళ్లింది మూడుసార్లు. ఇతరులకు ప్లాన్ వేసిచ్చినవి, చెడిపోయిన ప్లాన్‌ను ఫోన్‌లో సరిచేసినవి లెక్కపెట్టలేదు. రైలు బుక్ చేయడం, హోటల్ రివ్యూలు చదివి మంచీ చెడూ తేల్చుకోవడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. డబ్బు ఎక్కడ కారిపోతుందో మాత్రమే చెప్తాను.

ముందుగా పేర్ల గొడవ. మనం విమానం దిగే పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అయింది. అక్కడి నుంచి ఫెర్రీలో, అంటే పెద్ద పడవలో పోయే ఐలాండ్‌లు హావ్‌లాక్, నీల్. 2018లో హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్ అయ్యాయి. టికెట్ మీద శ్రీ విజయపురం అని చూసి "ఇది కర్ణాటకనా అన్నా?" అని రాత్రి పదకొండింటికి ఫోన్ చేసినవాళ్లున్నారు. కాదు, అదే పోర్ట్ బ్లెయిర్. జనం ఇంకా పాత పేర్లే వాడుతున్నారు కాబట్టి నేనూ అవే రాస్తాను.

"ఫ్లైట్ రేటు చూడగానే బడ్జెట్ అయిపోయింది"

చాలావరకు కారణం తేదీలే. దసరా, సంక్రాంతి, క్రిస్మస్ సెలవులు పెట్టుకుని చవక టికెట్ వెతికితే దొరకదు. పిల్లలకు నాలుగు రోజులు బడి ఎగ్గొట్టించడానికి మనసొప్పితే జనవరి చివర, ఫిబ్రవరి చూడండి. సముద్రం కూడా అప్పుడు నెమ్మదిగా ఉంటుంది.

హైదరాబాద్ రేటు తగ్గకపోతే చెన్నై నుంచి చూడండి. వరంగల్‌లో రాత్రి తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి చెన్నై సెంట్రల్. అక్కడి నుంచి మెట్రో నేరుగా ఎయిర్‌పోర్టుకు పోతుంది. పోల్చేటప్పుడు వరంగల్ నుంచి శంషాబాద్ దాకా అయ్యే కారు ఖర్చు కూడా హైదరాబాద్ లెక్కలో కలపండి. అది మర్చిపోయే చాలామంది చెన్నై దండగ అంటారు. రైలు దిగిన పొద్దుటే ఫ్లైట్ పెట్టుకోకండి. రైలు రెండు గంటలు లేటైతే ఎయిర్‌లైన్ మనకోసం ఆగదు. చెన్నైలో ఒక రాత్రి పడుకోండి, ఆ ఖర్చు కలిపినా ఎక్కువసార్లు మిగులుతుంది.

ఓడలో పోతామనేవాళ్లకు ఒక్క మాట. చెన్నై నుంచి దాదాపు మూడు రోజులు పోవడానికి, మూడు రోజులు రావడానికి. అన్ని సెలవులుంటే హాయిగా పొండి.

"వెళ్లిన వారమంతా వానే"

ప్రతి మే నెలలో టీవీలో ఒక వార్త వస్తుంది: "అండమాన్‌ను తాకిన నైరుతి రుతుపవనాలు." పత్తి గింజలు కొనాలని చూసే మన రైతులకు అది శుభవార్త. ఆ వార్త వింటూనే మే చివరి వారానికి బీచ్ ట్రిప్ బుక్ చేసేవాళ్లను ఏమనాలి? వేసవి సెలవులే కావాలంటే బడులు మూసిన వెంటనే, ఏప్రిల్ చివర్లోనే వెళ్లి రండి. దసరాకు వెళ్లినా వాన పడుతుంది. గొడుగు ఇంట్లోది తీసుకెళ్లండి, అక్కడ కొనకండి.

"ఫెర్రీ రాలేదు, ఫ్లైట్ పోయింది"

కారణం ఒకటే. చివరి రాత్రి హావ్‌లాక్‌లోనో నీల్‌లోనో పెట్టుకుని, మరునాడు పొద్దున ఫెర్రీ దిగి నేరుగా ఎయిర్‌పోర్టుకు పోవాలనుకోవడం. గాలి మారితే ఫెర్రీలు ఆగుతాయి, అది ఎవరి తప్పూ కాదు. చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే పడుకోవాలి. దీనికి మినహాయింపు లేదు, నన్ను బతిమాలకండి.

వరుస కూడా చూసుకోండి. పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్, నీల్, మళ్లీ పోర్ట్ బ్లెయిర్ అని ముక్కోణంలో తిరిగితే ఒక ఫెర్రీ ఖర్చు మిగులుతుంది. ప్రభుత్వ ఫెర్రీ చవక, ప్రైవేటువి తొందరగా చేరుస్తాయి. ప్రభుత్వ ఫెర్రీలో సీట్లు తొందరగా నిండిపోతాయి. అందుకే ఫ్లైట్ టికెట్ కొనే ముందే ఆ తేదీలకు ఏ ఫెర్రీలున్నాయో చూడాలి. అందరూ దీన్ని చివరికి వదిలేస్తారు.

"ఇంకా ఏం చూడలేదు, అప్పుడే చీకటి పడింది"

ఎవరూ నమ్మరు గానీ ఇది గడియారం సమస్య. మన దేశ సమయం 82.5 డిగ్రీల రేఖాంశం మీద లెక్క కడతారు. వరంగల్ 79.6 దగ్గర ఉంది, పోర్ట్ బ్లెయిర్ 92.7 దగ్గర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మనకంటే గంటకు కాస్త తక్కువ ముందే అక్కడ పొద్దు పొడుస్తుంది, ముందే కుంకుతుంది. డిసెంబరులో ఐదింటికే సూర్యాస్తమయం. మనవాళ్లు ఎనిమిదింటికి లేచి, టిఫిన్ చేసి, పదకొండింటికి బయల్దేరితే ఎండలో మాడిపోయి, మూడింటికి అలసిపోయి, ఐదింటికి "అరె" అంటారు. అలారం ఐదింటికి పెట్టుకోండి. ఖర్చు లేకుండా ఒక పూట కలిసొస్తుంది.

"బీచ్‌కి పోతే నీళ్లే లేవు"

ఇందులో దెబ్బతిన్నది నేనే. మొదటిసారి ఆరుగురం వెళ్లాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అత్తమ్మ, మామయ్య. నీల్‌లో సముద్రం ఎదురుగా గది తీసుకున్నాను, దానికి ఎక్కువే ఇచ్చాను. సాయంత్రం నాలుగింటికి లక్ష్మణ్‌పూర్ బీచ్‌కి పోయాం, సూర్యాస్తమయం బాగుంటుందని ఎవరో చెప్పారు. ఇసుక దాటాక నల్లటి రాళ్లు, వాటి మధ్య అక్కడక్కడ మడుగులు, మడుగుల్లో చిన్న చిన్న ఎండ్రకాయలు. నీళ్లు ఎక్కడో దూరంగా తెల్లటి గీతలా కనిపిస్తున్నాయి. మా చిన్నోడు "నాన్నా, సముద్రం ఏడికి పోయింది?" అన్నాడు. మామయ్య అయితే చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి, "ఏం అల్లుడా, గిదేనా సముద్రం? ఎండకాలంల పాకాల చెరువు లెక్క ఉంది గద!" అన్నాడు.

మరునాడు పొద్దున పదింటికి నేచురల్ బ్రిడ్జ్ అనే రాతి వంతెన చూడటానికి పోయాం. సగం దూరం నడిచాక నీళ్లు మోకాళ్లు దాటాయి, గైడ్ వెనక్కి తిప్పేశాడు. అంటే ఈత కొట్టాల్సినప్పుడు నీళ్లు లేవు, నడవాల్సినప్పుడు నీళ్లున్నాయి. "ఈ ఐలాండ్ బాగాలేదు" అని తీర్మానించి, రెండో రాత్రి గది వదిలేసి, అప్పటికప్పుడు ప్రైవేటు ఫెర్రీ టికెట్లు కొని హావ్‌లాక్ పోయాం. గది డబ్బు వాపసు రాలేదు. అంతా కలిపి 12 వేలు దండగ. తప్పు ఐలాండ్‌ది కాదు, నాది.

మేం వెళ్లింది పౌర్ణమి మరునాడు.

మనవి చెరువుల ఊళ్లు. పాకాల, రామప్ప, లక్నవరం, భద్రకాళి చెరువు. చెరువులో నీళ్లు పొద్దున ఎక్కడుంటాయో సాయంత్రం అక్కడే ఉంటాయి. తగ్గాలంటే నెలలు పడుతుంది. అందుకే ఆటుపోట్లు అనే మాట మనం సైన్స్ పుస్తకంలో చదివి పరీక్షలో రాసి మర్చిపోతాం. సముద్రానికి నీళ్లు తగ్గడానికి ఆరు గంటలు చాలు. అండమాన్‌లో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు వస్తాయి. పోటు అంటే నీళ్లు పైకి రావడం, ఆటు అంటే తగ్గడం. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య పన్నెండున్నర గంటల లోపు. అందుకే ఈ రోజుకంటే రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది.

పౌర్ణమికీ అమావాస్యకూ సూర్యుడు, చంద్రుడు ఒకే గీత మీద ఉండి లాగుతారు. అందుకే ఆ రోజుల్లో, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు పోటు బాగా పైకి వస్తుంది, ఆటు బాగా కిందికి పోతుంది. పోర్ట్ బ్లెయిర్‌లో అప్పుడు తేడా సుమారు రెండు మీటర్లు. రెండు మీటర్లంటే ఎంత, ఒక మనిషి ఎత్తు కంటే కాస్త ఎక్కువ, అంతేగా అనిపిస్తుంది. కానీ నీల్ తీరంలో నేల పళ్లెంలా చదునుగా, పగడపు రాళ్లతో నిండి ఉంటుంది. పళ్లెంలో నీళ్లు కాస్త తగ్గినా అంచు దాకా ఎండిపోతుంది చూడండి, అలాగే. అష్టమి దగ్గర ఇద్దరూ చెరో పక్కకు లాగుతారు, తేడా బాగా తగ్గుతుంది, సముద్రం పెద్దగా కదలదు.

తిథి తెలుసుకోవడానికి యాప్ అక్కర్లేదు. మన ఇంట్లో గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్‌లోనే ఉంటుంది. పెళ్లికి, గృహప్రవేశానికి చూస్తాం గానీ బీచ్‌కు చూడం. ఫ్లైట్ బుక్ చేసే ముందు అది తీసి, నీల్‌లో ఉండే రోజులు ఏ తిథులో చూడండి. నేను రాసిపెట్టుకున్న లెక్క ఇది: పౌర్ణమి, అమావాస్యల దగ్గర పొద్దున తొమ్మిది, పది మధ్య పోటు, మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య ఆటు. అష్టమి దగ్గర ఇది తిరగబడుతుంది.

క్యాలెండర్ ఉజ్జాయింపుకే. బయల్దేరే ముందు పోర్ట్ బ్లెయిర్ పేరుతో టైడ్ టేబుల్ చూడండి, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో పోటు, ఆటుల సమయం, నీళ్ల ఎత్తు మీటర్లలో ఉంటాయి. అంకె అర మీటరు దగ్గరో కిందో ఉన్న గంటకు నేచురల్ బ్రిడ్జ్. ఒకటిన్నర దాటిన గంటలకు భరత్‌పూర్ బీచ్‌లో ఈత. ఇది నేను పెట్టుకున్న హద్దు, ఇప్పటిదాకా మోసం చేయలేదు. ఆటు సమయంలో పగడాల మీద నడవకండి. కాళ్లు కోసుకుపోతాయి, తొక్కితే అవి చచ్చిపోతాయి. రబ్బరు చెప్పులు ఇంటి నుంచే తీసుకెళ్లండి.

అప్పటికే టికెట్లు కొనేశారా, తేదీలు పౌర్ణమి మీద పడ్డాయా? భయమేమీ లేదు. ఆ రోజు మధ్యాహ్నం బ్రిడ్జ్, మరునాడు పొద్దున ఈత అని పూటలు మార్చుకుంటే చాలు. రెండింటికీ ఒక్క రూపాయి ఎక్కువ కాదు. మా మామయ్యను మళ్లీ తీసుకెళ్లినప్పుడు ఇదే చేశాను. వంతెన కింద నిలబడి, పైకి చూసి, "ఇది మనోళ్లు కట్టినట్టే ఉంది" అన్నాడు. అంతకంటే మెచ్చుకోలు ఆయన నోట రాదు.

హావ్‌లాక్‌లో ఈ బాధ అన్నిచోట్లా లేదు. రాధానగర్ బీచ్ ఇసుక తీరం, ఏ పూట పోయినా నీళ్లుంటాయి. తూర్పు వైపు గోవింద్‌నగర్ దగ్గర మాత్రం నీల్ కథే. హోటళ్లు ఎక్కువగా ఉండేది అటే కాబట్టి "బీచ్ వ్యూ" గదికి అదనంగా ఇచ్చే ముందు ఆలోచించండి. రోజులో సగం సేపు మీరు చూసేది రాళ్లనే. కాస్త లోపలికి చవక గది తీసుకుని, మిగిలిన డబ్బుతో స్కూటీ అద్దెకు తీసుకోవడం నా పద్ధతి. నీల్ అయితే చిన్నది, సైకిల్ చాలు.

మిగతావి

ఫోన్ పే పనిచేయడం లేదంటే నెట్‌వర్క్ పోయిందని అర్థం. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక చాలా మెరుగైంది గానీ, ఐలాండ్‌లలో నగదు దగ్గర ఉంచుకోండి. పర్మిట్ గురించి టెన్షన్ వద్దు, ఈ మూడు చోట్లకు మన దేశం వాళ్లకు అక్కర్లేదు. మొసళ్లు? బోర్డు పెట్టిన చోట దిగకండి, అంతే. తుపాను వస్తే ముందే వార్తల్లో చెప్తారు.

పిల్లలు ఏరిన గవ్వలు, పగడపు ముక్కలు బ్యాగులో పెట్టుకుంటే ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు. పగడాలకు 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, బీచ్‌లోనే వదిలేయండి. పచ్చడి సీసా చెకిన్ లగేజీలో పెట్టండి. సకినాలు చేతి సంచిలో పెట్టుకోవచ్చు, ఫెర్రీలో ఆకలికి అవే ఆదుకుంటాయి. భాష రాదని అత్తమ్మ భయపడింది గానీ పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్లు చాలామందే. కూరగాయల మార్కెట్లో శ్రీకాకుళం ఆవిడ ఒకామె దొరికితే, మేం సెల్యులార్ జైలు చూసి వచ్చేదాకా ఇద్దరూ అక్కడే కూర్చుని చింతకాయ తొక్కు గురించి మాట్లాడుకున్నారు.