క్లారినెట్ రీడు కొనాలా, చేసుకోవాలా?

క్లారినెట్‌లో నోట పెట్టుకునే భాగం మౌత్‌పీస్. దానికి బిగించే పలచని గడ ముక్కే రీడు, ఊదితే కంపించి నాదం ఇచ్చేది అదే. కడప పెళ్లి బ్యాండుల్లో క్లారినెట్ పట్టిన కుర్రాళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు: "అన్నా, రీడు ఇంట్లోనే చేసుకుంటే డబ్బు మిగలదా?" మిగలదు. రీడు కొనండి. కానీ కొన్నదాన్ని దిద్దుకోవడం మాత్రం తప్పకుండా నేర్చుకోండి.

రీడు మంచీచెడూ సగం గడలోనే ఉంటుంది. అది వెదురులా పెరిగే అరుండో డొనాక్స్ అనే గడ్డి జాతి. దక్షిణ ఫ్రాన్స్‌లోని వార్ ప్రాంతపు గడకు పేరెక్కువ. చలికాలంలో కోసి, ఎండబెట్టి, బాగా ఆరేదాకా నిల్వ ఉంచి, ఆ తర్వాతే చీలుస్తారు. అంత గడ దొరికినా చెక్కడం తేలిక కాదు. రీడు మొదలు దగ్గర సుమారు 3 మిల్లీమీటర్ల మందం, కొసకు వచ్చేసరికి మిల్లీమీటరులో పదో వంతు. ఆ వాలు చేత్తో సమంగా రావాలంటే ఏళ్ల సాధన కావాలి. రీడు చెక్కే మెషీను కొనే డబ్బుతో పెట్టెలకు పెట్టెలు రీడ్లు వస్తాయి.

రీడు ఎంత గట్టిదో దాని నంబరు చెబుతుంది. మీరు రెండున్నర నంబరు వాయిస్తుంటే అదే కంపెనీలో మూడు తీసుకోండి. గట్టిదాన్ని పలచన చేయొచ్చు, పలచబడ్డదాన్ని మందం చేయలేం. కంపెనీ మారితే నంబరు లెక్క కూడా మారుతుంది, జాగ్రత్త.

ఇక దిద్దడం. గాజుపలక, 600 నంబరు వాటర్ పేపరు (సన్నని గరుకు కాగితం), పదునైన చిన్న కత్తి, టార్చి ఉంటే చాలు. ముందు వాటర్ పేపరును గాజు మీద పరిచి, రీడు వెనక భాగాన్ని మెల్లగా రుద్ది చదును చేయండి. కొసను నొక్కొద్దు. తర్వాత రీడు వెనక టార్చి వేసి చూడండి. మధ్యలో నీడ ముదురుగా, రెండు అంచులూ ఒకేలా పలచగా కనిపించాలి.

అసలు పరీక్ష చెవిది. మౌత్‌పీస్‌ను నోట్లో కాస్త పక్కకు తిప్పి, రీడు ఒక అంచును పెదవితో అణిచి ఊదండి. అప్పుడు రెండో అంచే మోగుతుంది. ఇలా రెండు వైపులా చూడండి. ఏ వైపు గాలి శబ్దం, బరువు ఎక్కువుంటే ఆ అంచునే రెండు మూడుసార్లు గీకి, మళ్లీ ఊదండి. మధ్య భాగం జోలికి పోవద్దు. నాదంలోని నిండుతనమంతా అక్కడే ఉంటుంది. పిల్లల చేతిలో కత్తి అక్కడికి జారుతుంటే నాకు ప్రాణం విలవిలలాడుతుంది.

కొత్త రీడును నేరుగా ఊరేగింపుకు తీసుకెళ్లొద్దు. మొదటి రోజు ఐదు నిమిషాలు, తర్వాత రోజుకు కొంచెం కొంచెం పెంచండి.

మన ఎండలు వేరే చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటుతుంది, అప్పుడే ఒంటిమిట్ట కల్యాణం, పెళ్లిళ్ల సీజను. రీడు ఎండి కొస అలలా వంకర పోతుంది. టెన్షన్ పడి గీకేయకండి. నీళ్లలో రెండు నిమిషాలుంచి, గాజు మీద వేలితో అదిమితే చదునవుతుంది. వాయించాక తుడిచి, చదునైన డబ్బాలో పెట్టండి. కొస చిట్లిన రీడును మాత్రం పారేయండి.