పరీక్షల వేళ డిప్రెషన్: ఇంటర్ విద్యార్థులకు సమస్య - పరిష్కారం

పరీక్ష భయం చాలామందికి ఉంటుంది. పేపర్ రాసి బయటికొస్తే చాలావరకు దిగిపోతుంది. డిప్రెషన్ అలా దిగదు. రెండు వారాలకు పైగా రోజంతా దిగులు, ఇష్టమైన వాటిమీద కూడా ఆసక్తి పోవడం, నిద్రా ఆకలీ దెబ్బతినడం కనిపిస్తే అది బద్ధకం కాదు, వైద్యం ఉన్న జబ్బు.

సమస్య: చచ్చిపోవాలనిపిస్తోంది

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. చదువు సంగతి తర్వాత.

కారణం: ఈ జబ్బు ముదిరితే ముందు దారులన్నీ మూసుకుపోయినట్టు కనిపిస్తుంది. అప్పుడొచ్చే ఆలోచన నీ నిర్ణయం కాదు, జబ్బు లక్షణం.

పరిష్కారం: ఈ రాత్రి ఒంటరిగా ఉండకు. అమ్మనో, అన్ననో, రూమ్మేట్‌నో లేపి "నాకు చచ్చిపోవాలనిపిస్తోంది, నా దగ్గరే ఉండు" అని ఈ మాటల్లోనే చెప్పు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416. 24 గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే 108కి ఫోన్ చేయాలి, లేదా దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లాలి.

స్నేహితుడి మీద అనుమానం వస్తే "చచ్చిపోవాలని అనిపిస్తోందారా?" అని సూటిగా అడుగు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. ఎవరికీ చెప్పనని మాత్రం ఒట్టు వేయకు.

సమస్య: ఎంత చదివినా ఎక్కడం లేదు

ఫిజిక్స్‌లో ఒకే పేజీ ముందు గంట కూర్చుంటావు. పుస్తకం మూస్తే మొదటి లైను కూడా గుర్తురాదు.

కారణం: డిప్రెషన్ ఏకాగ్రతనూ జ్ఞాపకశక్తినీ మందగింపజేస్తుంది. దానికి తోడు రాత్రి పదకొండు దాకా, మళ్లీ తెల్లవారుజామున స్టడీ అవర్లు. చదివింది మెదడులో కుదురుకునేది ఎక్కువగా నిద్రలోనే, ఆ నిద్రే కరువు.

పరిష్కారం: నిద్ర తగ్గించి చదవడం ఆపెయ్. సిలబస్ మొత్తం పూర్తి చేయాలన్న పట్టుదల ప్రస్తుతానికి పక్కన పెట్టు. తెలంగాణ సెకండియర్ ఫిజిక్స్ థియరీ 60 మార్కులకు 21 వస్తే పాస్. రెండు మార్కుల ప్రశ్నలతో మొదలుపెట్టు: ఒకటి చదివి, చూడకుండా రాసి, లేచి కాసేపు నడువు. ఈ స్థితిలో రోజుకు ఐదు వచ్చినా తక్కువేం కాదు. పరీక్ష తప్పితే అదే ఏడాది సప్లిమెంటరీ ఉంది.

సమస్య: పొద్దున మంచం దిగబుద్ధి కాదు, సాయంత్రానికి కాస్త నయం

డిప్రెషన్‌లో కొందరికి ఇంతే. కష్టమైన చాప్టర్లు సాయంత్రానికి మార్చుకో. పరీక్ష ఉదయం 9కి కాబట్టి లేచే వేళ మాత్రం మార్చకు. లేవగానే ఎండలోకి వెళ్లు.

సమస్య: ఇంట్లో చెప్పలేకపోతున్నా

కారణం: అప్పు చేసి ఫీజు కట్టిన నాన్న ముఖం గుర్తొస్తుంది.

పరిష్కారం: "చదవలేకపోతున్నా" అంటే ఇంకో ట్యూషన్ పెట్టిస్తారు. "నాన్నా, రోజూ ఏడుపొస్తోంది, నిద్ర పట్టట్లేదు, డాక్టర్‌కి చూపించండి" అను. నోట మాట రాకపోతే వాట్సాప్‌లో పెట్టు. ప్రభుత్వ జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉందేమో ముందుగా కనుక్కోండి.

డాక్టర్ మందులు రాస్తే గుణం కనిపించడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. అందుకే పరీక్షలయ్యాక చూద్దామని ఆగొద్దు. ఆఖరి పేపర్ అయిపోయిందని మధ్యలో మానేయనూ వద్దు. ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్తారు.