తిరుమల కొండ దిగేటప్పుడు న్యూట్రల్ జోలికి పోకండి

మాన్యువల్ కారులో మొదటిసారి కొండకి వెళ్ళేవాళ్ళకి భయమంతా ఎక్కడం గురించే, ముందు బస్సు ఆగితే మన బండి వెనక్కి జారుతుందేమో అని. నన్నడిగితే అసలు జాగ్రత్త కావాల్సింది దిగేటప్పుడు. దర్శనం అయిపోయింది, రాత్రంతా నిద్ర లేదు, వెనక సీట్లో అందరూ గుండ్లతో గురకలు, ఇక దిగడమే కదా, పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్ వేసి వదిలేస్తారు.

మిగలదండీ. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లు గేర్‌లో ఉండగా ఎక్సలేటర్ మీంచి కాలు తీసేస్తే ఇంజిన్‌కి ఇంధనం ఆగిపోతుంది, చక్రాలే దాన్ని తిప్పుతుంటాయి, న్యూట్రల్‌లో అయితే ఐడ్లింగ్ కోసం, అంటే ఇంజిన్ ఆగిపోకుండా తిరగడానికి, కొంచెం కొంచెం తాగుతూనే ఉంటుంది. ఇంకొందరు ఏకంగా తాళం తిప్పి ఇంజిన్ ఆపేస్తారు, అది మాత్రం చచ్చినా చెయ్యొద్దు. పవర్ స్టీరింగ్ పోతుంది, బ్రేక్ రెండు మూడుసార్లు తొక్కాక రాయిలా బిగుసుకుపోతుంది.

ఏ గేర్‌లో ఎక్కే వాలు అయితే అదే గేర్‌లో దిగాలి అని పాత డ్రైవర్లు చెప్పే మాట ఒకటుంది, దాన్నే పట్టుకోండి. ఘాట్‌లో అంటే ఎక్కువగా సెకండ్, బాగా మెలి తిరిగిన చోట ఫస్ట్. ఇంజిన్ కొంచెం గోల చేస్తుంది, మూడు వేల ఆర్‌పీఎం చూపించినా కంగారు పడకండి, బండిని పట్టి ఆపేది ఆ గోలే. గేర్ తగ్గించడం మలుపు రాకముందే అయిపోవాలి, మలుపులో క్లచ్ తొక్కారంటే ఆ కాసేపూ బండి న్యూట్రల్‌లో ఉన్నట్టే. బ్రేక్ మీద కాలు పెట్టేసి ఉంచకుండా, గట్టిగా ఒకసారి తొక్కి స్పీడ్ తగ్గించి వదిలేయండి, మళ్ళీ పెరిగితే మళ్ళీ తొక్కండి.

ఇది నేను డబ్బులు పోసి నేర్చుకున్న పాఠం లెండి. మొదటిసారి థర్డ్‌లో బ్రేక్ ఆనించి పెట్టుకునే దిగా. సగం దూరం వచ్చేసరికి కాలిన వాసన, ఎవరి బండో అనుకున్నా, తీరా చూస్తే పెడల్ మెత్తగా స్పాంజిలా లోపలికి పోతోంది. ఎలాగోలా పక్కకి తీసి అరగంట ఆగాం, మా బావ బాటిల్ నీళ్ళు చక్రాల మీద పోయబోతే ఆపా, వేడి డిస్క్ మీద చన్నీళ్ళు పడితే వంకర పోతుంది. దిగాక బ్రేక్ ఆయిల్ చూపిస్తే మార్చి ఎన్నేళ్ళయిందని మెకానిక్ నవ్వాడు. ఆ ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుంటుంది, తేమ చేరితే వేడికి తొందరగా మరిగి బుడగలొస్తాయి, పెడల్ అలా మెత్తబడేది అందుకే, కాబట్టి రెండేళ్ళకోసారి మార్పించాలి.

తొందర కూడా అనవసరం, దిగడానికి 40 నిమిషాలు, ఎక్కడానికి 28 నిమిషాలు కంటే ముందే చేరితే ఫైన్ వేస్తారు. తిరుమలలో ఇంకో సుఖం ఏంటంటే 1944 నాటి పాత రోడ్డు దిగడానికి, 1974లో వచ్చింది ఎక్కడానికి, ఎదురుగా బండ్లు రావు. శ్రీశైలం, అరకు అలా కాదు, అక్కడ ఇరుకు వాలులో ఎక్కే బండికి దారివ్వాలి.

ఎక్కేటప్పుడు ఆగాల్సి వస్తే హాఫ్ క్లచ్‌లో, అంటే క్లచ్ సగం వదిలి ఎక్సలేటర్ మీద, నిలబెట్టకండి, క్లచ్ ప్లేట్ కాలిపోతుంది. హ్యాండ్‌బ్రేక్ లాగి, ఫస్ట్ వేసి, క్లచ్ మెల్లగా వదులుతుంటే బండి ముక్కు కొంచెం లేస్తుంది చూడండి, అప్పుడు కాస్త ఎక్సలేటర్ ఇచ్చి హ్యాండ్‌బ్రేక్ దించేయండి. ముందు బస్సుకి ఒక బండి పట్టేంత ఖాళీ వదలండి, అదీ జారొచ్చు కదా.

పార్కింగ్‌లో హ్యాండ్‌బ్రేక్‌తో పాటు గేర్ కూడా వేసి ఉంచండి, ముక్కు పైకి ఉంటే ఫస్ట్, కిందికి ఉంటే రివర్స్. స్టార్ట్ చేసేముందు క్లచ్ తొక్కడం మర్చిపోవద్దు. ఇంకొకటి, గుడికి కదా అని హవాయి చెప్పులేసుకుని నడుపుతారు, అవి పెడల్ కింద ఇరుక్కుంటాయి. నీళ్ళ బాటిల్ కూడా కాళ్ళ దగ్గర పెట్టొద్దు, దిగేటప్పుడు దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా బ్రేక్ పెడల్ కిందే ఆగుతుంది.