రీసర్ఫేసింగ్ చేయించిన బౌలింగ్ బాల్ గుండ్రంగానే ఉందా?

టెన్‌పిన్ బౌలింగ్ (బరువైన బాల్ దొర్లించి పది పిన్నుల్ని పడగొట్టే ఆట) లీగుల్లో ఆడేవాళ్లకు ఒక చిట్కా. రీసర్ఫేసింగ్ కోసం, అంటే బాల్ పైభాగాన్ని రుద్ది సరిచేయడానికి, దాన్ని స్పిన్నర్ (బాల్‌ని తిప్పే యంత్రం) మీద పెట్టి శాండ్‌పేపర్ పట్టించాక మెరుపు చూసి మురిసిపోకండి, ఆకారం కూడా చూసుకోండి. ఒకే వైపు ఎక్కువసేపు రుద్దితే అక్కడ చదునవుతుంది.

నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క ఒకటి చాలు. బూడిదరంగుదైతే మేలు, తెల్లదానిలోంచి వెలుగు దూరుతుంది. గాజు పలక మీద శాండ్‌పేపర్ పరిచి పైపు అంచు సమంగా అయ్యేదాకా రుద్దండి. చీకటి గదిలో ఆ అంచును బాల్ మీద ఆనించి, పైపులోకి టార్చ్ కొట్టండి. గోళాన్ని ఎటు కోసినా వృత్తమే కదా, అందుకే అంచు చుట్టూ అతుక్కోవాలి. ఎక్కడైనా వెలుగు తొంగిచూసిందంటే అక్కడ తేడా ఉన్నట్టే. వేళ్ల రంధ్రాలు తప్పించి అన్ని వైపులా జరిపి చూడండి.

తేడా ఎంతో తెలియాలంటే బాల్‌ని అదే పైపు ముక్క మీద కూర్చోబెట్టి, పైన డయల్ గేజ్ (అతి చిన్న ఎత్తు తేడాల్ని ముల్లుతో చూపే కొలత పరికరం) కొన ఆనించి మెల్లగా తిప్పాలి. అమెరికా బౌలింగ్ సంఘం యూఎస్‌బీసీ అనుమతించే తేడా 0.010 అంగుళం, అంటే పావు మిల్లీమీటరు. దర్జీ టేపుతో ఇది తేలదు. చుట్టుకొలత ఎత్తుపల్లాల్ని కలిపేసి సగటు చూపిస్తుంది.

అన్నట్టు, రుద్దిన వెంటనే కొలవకండి. రాపిడికి బాల్ వేడెక్కి కాస్త వ్యాకోచిస్తుంది, పూర్తిగా చల్లారనివ్వండి.