కారు టింట్: ఫిల్మ్ నంబరు ఒక్కటే చూడకండి

అమెరికాలో టెక్సస్‌లో వేయించిన టింట్ (అద్దాలకి అతికించే నల్ల ఫిల్మ్) ఫ్లోరిడాకి మారగానే తప్పయి కూర్చోవచ్చు. ముందు డోర్ల అద్దాల్లోంచి కనీసం ఇంత వెలుతురు రావాలని ఒక్కో రాష్ట్రానిది ఒక్కో లెక్క: టెక్సస్ 25 శాతం, ఫ్లోరిడా 28, జార్జియా 32, న్యూయార్క్ 70.

ఫిల్మ్ మీద 35 అని, అంటే 35 శాతం వెలుతురు వదులుతుందని, ఉంటే సరిపోదు. అద్దానికీ సొంత టింట్ ఉంటుంది కాబట్టి రెండు శాతాలూ గుణించాలి. అద్దం వదిలేది 75 శాతం, ఫిల్మ్ 35 అయితే మొత్తం మీద వచ్చేది 26 శాతం. టెక్సస్‌లో పాస్, ఫ్లోరిడాలో ఫెయిల్. ఫిల్మ్ 50 వేయిస్తే 37. పై మూడింటికీ చాలు, న్యూయార్క్‌కి మాత్రం కాదు.

అయితే 75 అన్ని కార్లకీ ఉండదు. అతికించకముందే షాపులో వెలుతురు కొలిచే మీటరు పెట్టించి ఉత్త అద్దం కొలిపించుకోండి.