యాంటీబయాటిక్ వాడాక దురదా? అది వేడి చేయడం కాదు

గుంటూరు కొత్తపేటలో మాకు మెడికల్ షాపు ఉంది. చుట్టూ ఆసుపత్రులే కాబట్టి సాయంత్రం ఆరు దాటితే కౌంటరు ముందు నిలబడే చోటుండదు. అంత రద్దీలోనూ ఒక ఆడమనిషి చీటీ లేకుండా పక్కకి జరిగి, మా ఆయన లోపలికి వెళ్లేదాకా ఆగిందంటే యోని దగ్గర దురదేనని నాకు సగం అర్థమైపోతుంది. "అక్కా, బాగా వేడి చేసింది, చల్లబడటానికి ఏమైనా ఇవ్వవా?" అంటుంది. "ఈ మధ్య యాంటీబయాటిక్ ఏమైనా వాడావా తల్లీ?" అని అడుగుతాను. చాలాసార్లు వాడే ఉంటుంది.

నాకూ అయింది. జ్ఞానదంతం తీయించుకున్నప్పుడు కోర్సు రాశారు, ఐదో రోజుకల్లా దురద. ఫార్మసీ చదివినదాన్నే, అయినా మా అత్తగారి మాట విని సబ్జా నీళ్లు తాగుతూ కూర్చున్నా. పైగా యాంటీసెప్టిక్ కలిపిన నీళ్లతో కడిగా. మంట రెట్టింపయింది.

జరిగేది ఇదీ. పాలు తోడుకోవడానికి పనికొచ్చే లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా చుట్టాలే యోనిలోనూ ఉంటాయి. లాక్టిక్ ఆమ్లం తయారుచేసి అక్కడ పులుపు నిలబెడతాయి, పులుపు కొలిచే పీహెచ్ లెక్కలో 3.8 నుంచి 4.5 దాకా. క్యాండిడా అనే ఈస్ట్ కూడా చాలామందిలో కొద్దిగా ఉంటుంది, ఏ ఇబ్బందీ పెట్టదు. అమాక్సిసిలిన్-క్లావులనేట్, సెఫిక్సిమ్, డాక్సీసైక్లిన్ లాంటివి రోగం తెచ్చిన బ్యాక్టీరియాతో పాటు ఈ మంచివాటినీ చంపుతాయి. ఈస్ట్ ఫంగస్ కాబట్టి దానికేమీ కాదు. కాపలా లేని చేలో గొడ్లు పడ్డట్టు పెరిగిపోతుంది. ఇందులో మీ శుభ్రత లోపమేమీ లేదు.

దురద, మంట, విరిగిన పాల ముక్కల్లాంటి తెల్లబట్ట, పెద్దగా వాసన లేకపోవడం దీని గుర్తులు. చేపల వాసనతో, పల్చగా, బూడిదరంగులో అవుతుంటే అది బ్యాక్టీరియా తేడా, మందు వేరు. మొదటిసారి వచ్చినా, గర్భంతో ఉన్నా, జ్వరం, పొత్తికడుపు నొప్పి, పుండ్లు ఉన్నా నా దగ్గరికి కాదు, లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. దురద వచ్చిందని కోర్సు మధ్యలో మీ అంతట మీరు ఆపకండి. రాసిన డాక్టరుకి ఫోన్ చేసి చెప్పండి.

ఎక్కువగా రాసేది క్లోట్రిమజోల్ వెజైనల్ బిళ్ల. 500 మిల్లీగ్రాములదైతే ఒక్కసారి, 100దైతే ఆరు రాత్రులు. పడుకోబోయే ముందు చేతులు కడుక్కుని, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, వీలైనంత లోపలికి పెట్టుకోవాలి. పొద్దున్నే తెల్లటి పొడి బయటికొస్తే కంగారు పడొద్దు, మందు మిగులే అది. ప్యాడ్ పెట్టుకుంటే సరి. ఒకావిడ దీన్ని మంచినీళ్లతో మింగేసింది. అప్పటినుంచీ ప్రతి స్ట్రిప్పు మీదా మార్కరుతో "మింగకూడదు" అని రాసే ఇస్తున్నా. మింగే మందు వేరే ఉంది, ఫ్లూకోనజోల్ 150, ఒక్క బిళ్ల. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి, గర్భిణులు దాని జోలికే పోకూడదు.

నాకు ఒళ్లు మండేది "దురద ట్యూబు" అడిగినప్పుడు. ట్యూబు మీద క్లోబెటాసోల్, బెక్లోమెథసోన్ అని ఉంటే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. రెండ్రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత ఇంకా ముదురుతుంది. పక్కింటావిడకి తగ్గిందని మీరు రాసుకోకండి.

పెరుగు శుభ్రంగా తినండి, లోపల మాత్రం పెట్టుకోకండి. మామూలు నీళ్లతో పైపైన కడుక్కుంటే చాలు. మన మే నెల ఎండల్లో బిగుతు లెగ్గింగ్స్ మానేసి నూలు లోదుస్తులు వేసుకోండి. ఏడాదిలో మూడు నాలుగుసార్లు వస్తుంటే షుగర్ టెస్టు చేయించుకోండి.

ఈసారి డాక్టరు యాంటీబయాటిక్ రాస్తుంటే "నాకు ఇది వాడితే దురద వస్తుందండీ" అని అక్కడే చెప్పండి. జలుబుకి మాత్రం అడిగి మరీ రాయించుకోకండి, వైరస్ మీద అది పనిచేయదు. చీటీ లేకుండా సెఫిక్సిమ్ అడిగితే నేనివ్వను. 2014 మార్చి నుంచి అది హెచ్1 జాబితాలో, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల్లో ఉంది, అమ్మిన ప్రతిదీ రిజిస్టరులో రాయాలి.

పేరు పైకి చెప్పడం మొహమాటమైతే కాగితం మీద రాసివ్వండి. నల్ల కవరు కావాలన్నా ఇస్తా, స్ట్రిప్పు మీద నేను రాసింది చదివాక.